నాటకంల లేని ముక్క

మా దిక్కు చెల్కలల్ల జొన్నలు బంద్ వెట్టి తెల్లరాళ్లు నాటుడు షురూ జేసిన కాలమది. తొంభైల ఆఖరు. శామీర్‌పేట కెళ్లి మేడ్చల్ దాంక ఎటు జూసినా సున్నం కొట్టిన రాళ్లే. వాటి నడుమ మేసే బర్రెలకు గూడ ప్లాటు నంబర్లు తెల్సిపోయినయ్. ఆ రోజులు తల్సుకుంటే నా తోటోళ్లకు అమ్ముకున్న భూములు యాదికొస్తయ్, "ఉంచుకుంటే ఇయ్యాల కోట్లు గదరా" అని నెత్తి కొట్టుకుంటరు. నాకు మాత్రం ఒక అంగి గుండి యాదికొస్తది. (మా దిక్కు బొత్తాన్ని గుండి అంటం.) ఆ గుండి ఊడకపోతే నా బతుకు ఇంకో తీరుగ ఉండెనో ఏమో. ఏం లేదు లెండి, గిట్లనే ఉండేది. కానీ అట్ల అనుకుంటే జర పెద్దమనిషి లెక్క అనిపిస్తది.

అప్పటికే మా బాపు రెండు చెల్కలు అమ్మి, మా ఊరి మలుపు కాడ రేకుల షెడ్డు ఏసి, నాలుగు కుర్చీలు, ఒక మ్యాపు పెట్టి ఆఫీసు అని పేరు పెట్టిండు. నేను మేడ్చల్ల డిగ్రీ సదువుతున్న అని ఇంట్ల అనుకుంటుండె, నేను గూడ అట్లనే అనుకుంటుంటి. ఒకనాడు కాలేజీ గోడకు ఒక కాయితం అంటించిన్రు: "నటనలో శిక్షణ. ప్రతి ఆదివారం. ఉచితం." మొదటి రెండు ముక్కలకంటె మూడోది నాకు మస్తు నచ్చింది. మచ్చ బొల్లారంల ఒక కాలనీ, అన్నీ కోస్తా దిక్కు కెళ్లి వచ్చిన నౌకరీదార్ల ఇండ్లు. ఆ కాలనీ హాలుల క్లాసు. చెప్పేటాయన రిటైరైన తెలుగు మాష్టారు. సన్నగ, తెల్లగ, మాట్లాడితే చేతులు గాలిల తిరుగుతుండె. రెండు మాటలకోసారి "ఊహించవోయ్, ఊహించు!" అంటుండె గనక మేము ఊహించు సార్ అని పేరు పెట్టినం.

ఊహించు సార్ కాడ ఒక పద్ధతుండె. ఆయన సొంతంగ ఒక నాటకం రాసిండు. (దాని పేరు ఎంత పొడుగంటే బ్యానరు మీద పట్టక ఆఖరి మాట పక్క గోడ మీద రాయించిన్రు.) మేము ఆ నాటకం నేర్చుకోవాలె అనుకోని పోతే, ఆయన నాటకంల ఉన్న రంగాలు పక్కకు పెట్టి, లేనివి ఆడమంటడు! "తెర మీద కనబడేది పావు వంతేనర్రా. కనబడని ముప్పావు మీ కడుపులో ఉండాలి. మొదటి రంగంలో పెద్దన్నగారు పొలం నుంచి వస్తాడు. సరే, పొలంలో ఏం చేశాడు? అది ఆడండి." పెద్దన్న వేషం ఏసేది ఆ కాలనీల ఉండే క్యాషియర్ అన్న. పాపం, పుట్టినసంది పొలం మొఖం జూడలే. ఎడ్ల ముంగట నిలబడి, వాటి ముక్కుతాళ్లు పట్టుకొని, నాగలిని కూడ ఆయననే గుంజుతున్నడు. నేను నవ్వాపుకోలేక, "అన్నా, గట్ల దున్నితే ఎడ్లు ఏం జేస్తయ్, నీ ఎన్కాల పేపరు సదువుకుంట వస్తయా?" అన్న. సార్ నన్ను పిలిచి దున్నమన్నడు. దున్నిన. మా చెల్కల దున్నినట్లే, నడుమ నడుమ ఎద్దును తిట్టుకుంట దున్నిన. "అద్భుతం! వీడిలో ముప్పావు ఉంది!" అన్నడు సార్. ఇంటర్ల నా మార్కులు జూసినోళ్లెవ్వరు నన్ను గంత మాట అనలే.

ముప్పావు ఉన్నది గనక నాకు పావు తక్కువ వేషం ఇచ్చిండు. కథ చిన్నదే. అన్నదమ్ములిద్దరు భూమి కోసం కొట్లాడుకుంటుంటరు. సచ్చిపోయేముందు తండ్రి ఒక ఉత్తరం రాసి, నమ్మకమైన జీతగాని చేతిల పెట్టి, పెద్దోనికి ఇయ్యమంటడు. ఆ జీతగాణ్ణి నేను. రెండో రంగానికి మూడో రంగానికి నడుమ, తెర దించి ఉన్నప్పుడు, ఇంటి బామ్మర్ది ఆ ఉత్తరం కొట్టేస్తడు. మూడో రంగంల పెద్దన్న "ఉత్తరం ఏదిరా?" అంటే నేను తల దించుకొని "పోయిందయ్యా" అంట. పెద్దన్న చెంప మీద ఒక్కటిచ్చి ఎల్లగొడ్తడు. ఐదో రంగంల ఉత్తరం దొరికి అన్నదమ్ములు అలుముకుంటరు, తెర పడ్తది. మొత్తం నాటకంల నాకు మాటలు రెండు. మొదటిది "అయ్యా, పిలిచారా?" రెండోది "పోయిందయ్యా."

కానీ కనబడని రంగం మాత్రం మొత్తం నాదే. ఉత్తరం ఎట్ల పోయింది? సార్ రాయలే. "నేనెందుకు రాస్తాను? మీరిద్దరూ తేల్చుకోండి. ఒకటే షరతు, నిజంగా మోసపోవాలి. నటించకూడదు" అన్నడు. బామ్మర్ది వేషం మా పక్కింటి నూనెసీసది. (వాళ్లమ్మ వాని నెత్తికి పెట్టే కొబ్బరినూనెతోని మా ఇంట్ల వారం దినాలు తాళింపు పెట్టచ్చు.) వాడు నాతోని క్లాసుకొచ్చేది, వస్తుంటే మా అవ్వ (బాపు తల్లి) చేతి రొట్టె తిని వచ్చేది. మొదటి ఆదివారం వాడు నా జేబుల చెయ్యి పెట్టిండు. ఉత్తరం నా లాగుల ఉండె, చేతనైతే తియ్యిరా అన్న. వాడు తియ్యలే. రెండో ఆదివారం ఉత్తుత్తి కల్లు పోసిండు. ఐదు లొట్లు పోసిండు, ఐదు తాగిన, నిటారుగ నిలబడ్డ. "సార్, మా ఊరి జీతగాడు ఐదు లొట్లకు పడిపోతడా? ఊర్ల ఇజ్జత్ ఉంటదా?" అన్న. మూడో ఆదివారం "మీ అమ్మకు పాణం బాగలేదంట, ఉరుకు" అని ఏడ్సుకుంట వచ్చిండు. నేను గూడ ఏడ్సుకుంట ఉరికిన, ఉత్తరం పట్టుకోని ఉరికిన.

సార్ నెత్తికి చేతులు పెట్టుకొని బెంచీ మీద కూసున్నడు. "నాయనా, నువ్వు ఉత్తరం పోగొట్టుకోకపోతే నా నాటకం మూడో రంగం దాటదు. వచ్చే ఆదివారం కూడా పోకపోతే ఆ వేషం ఇంకొకరికి ఇచ్చేస్తాను" అన్నడు. నా గుండెల రాయి పడ్డది. ఎందుకంటే సంగతి అప్పటికే ఇంట్ల తెల్సి లొల్లి అయింది. బాపు ఒక్కటే మాట అన్నడు: "నాటకం రోజు నేనొచ్చి సూస్త. బాగుంటే పో. లేకుంటే సోమారం పొద్దుగాల కెళ్లి ఆఫీసుల కూసో. ఇగ గా తైతక్కలు బంద్." మా బాపు మాట అంటే అన్నట్టే. సర్వే చేసి రాయి పాతినట్టుంటది. అవ్వేమో అప్పటికే ఊరంత చెప్పుకొచ్చింది, నాటకం మొత్తం మా పోరని మీదనే నడుస్తదని. నేను గూడ కాదనలే. ప్రతి ఆదివారం గంటసేపు మాట్లాడుతనే ఉంటి గద, అబద్ధమెట్లయితది?

ఆ శనివారం పొద్దున అరుగు మీద కూసోని ఎట్ల మోసపోవాలె రా దేవుడా అని పరేషాన్ అయితుంటే, అవ్వ చింతపండు ఒలుసుకుంట అడిగింది, "ఏందిరా మొఖం గట్ల పెట్టినవ్?" చెప్పిన. "గంతేనా? నేను గా బామ్మర్దినైత, నువ్వు జీతగాడివే గా. కూసో" అన్నది. నేను ఉత్తరం జేబుల పెట్టుకొని, దాని మీద చెయ్యి పెట్టుకొని, హుషారుగ కూసున్న. అవ్వ జేబు దిక్కు సూడనే లేదు. చింతపండు పక్కకు పెట్టి, "తిన్నవా బిడ్డా?" అన్నది. లేదన్న. రొట్టె, తొక్కు తెచ్చి ముంగట పెట్టింది. తింటున్న. "అయ్యో, అంగి గుండి ఊడింది జూసుకోలేదా కొడుకా? గిట్లనే తిరుగుతున్నవా నలుగురిల? ఇడువు, కుట్టిస్త" అన్నది. నేను ఎంగిలి చేత్తోనే అంగి ఇప్పి ఇచ్చిన. రొట్టె తిన్న. ఇంకో రొట్టె అడిగిన. తిన్నంక తలెత్తి జూస్తే అవ్వ ఒక చేతిల నా అంగి, ఇంకో చేతిల ఉత్తరం పట్టుకోని నవ్వుతాంది. "గానికి కల్లెందుకురా పిచ్చోడా? ఇంటెడు చాకిరి చేసేటోణ్ణి తిన్నవా అని ఎవ్వడన్న అడిగిండా? అడిగినోనికి అంగేంది, పాణమే ఇస్తడు" అన్నది.

తెల్లారి నూనెసీస సూదీదారం తెచ్చుకొని అదే రంగం ఆడిండు. వాడు దొంగతనం చేసే మనిషి లెక్క గాక, అచ్చం మా అవ్వ లెక్క "తిన్నవా?" అన్నడు. అవ్వ రొట్టెలు తిని తిని ఆ గొంతు వానికి పట్టుబడ్డది. నేను అంగి ఇప్పిచ్చిన. క్యాషియర్ అన్న కండ్లు తుడ్సుకున్నడు. సార్ లేసి నిలబడి, "ఇదర్రా రంగం అంటే" అని, కిటికీ దిక్కు తిరిగిండు. నేను మెల్లగ, "సార్, మరి దీన్ని నాటకంల పెడ్తే?" అన్న. "ఛస్తే పెట్టను! చూపించేస్తే ఇక మూడో రంగంలో ప్రేక్షకుడికి ఏం మిగులుతుంది? ఇది నీ కడుపులోనే ఉండాలి" అన్నడు. కాళ్లు పట్టుకున్నంత పనిచేసిన, వినలే. ఇగ నా బతుకుల నేను చేసిన ఒకే ఒక్క మంచి యాక్టింగు నా కడుపులనే ఉండిపోయింది.

ఆ రంగం నాటకంల లేదని అవ్వకు చెప్పే ధైర్యం నాకు కాలే. అవ్వేమో బాయికాడ, కిరాణం కాడ, ఆఖరికి ఇంట్ల బాపు ముంగట గూడ గదే కథ. "నేను కట్టిన ముక్క నాటకంల పెడ్తున్రు" అని. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంటనే కాలనీ వార్షికోత్సవం రోజు వచ్చేసింది. సాయంత్రం ఆరింటికి నాటకం. నాలుగింటికే తూంకుంట, హకీంపేట మీదికెళ్లి మా ఊరి ట్రాక్టరు వచ్చి హాలు ముంగట ఆగింది. ట్రాలీల నుంచి ఇరవై మంది దిగిన్రు. అందరి కన్న ముందుగాల అవ్వ, కొత్త చీర కట్టుకొని, ప్లాస్టిక్ కుర్చీలల్ల మొదటి వరుసల పోయి కూసున్నది. "అవి ముఖ్య అతిథులకండి" అని కాలనీ సెక్రటరీ అంటే, "నేనే గద" అన్నది. ఆయనకు ఏం చెప్పాలె తెల్వక ఇంకో కుర్చీ తెప్పిచ్చుకున్నడు. బాపు మాత్రం ఎనుక వరుసల గోడకు ఆనుకొని, చేతులు కట్టుకొని కూసున్నడు.

మొదటి రంగం మంచిగైంది. రెండో రంగంల "అయ్యా, పిలిచారా?" అన్న, మా ఊరోళ్లు ఈలలు కొట్టిన్రు. తండ్రి ఉత్తరం ఇచ్చిండు, జేబుల పెట్టుకున్న, తెర పడ్డది. తెర ఎనుక ఉత్తరం నూనెసీస చేతిల పెట్టిన. ఇప్పుడు తెర లేస్తే అవ్వ ముక్క ఉండాలె. లేదు. మూడో రంగం లేసింది. క్యాషియర్ అన్న "ఉత్తరం ఏదిరా?" అన్నడు. నేను తల దించుకొని "పోయిందయ్యా" అన్న. ఆయన చెంప మీద ఒక్కటిచ్చిండు. (ఉత్తుత్తిదే గానీ, చప్పుడు మాత్రం తెర ఎనుక ఒకడు చెప్పుతోని బల్ల మీద కొట్టేది. ఆనాడు వాడు మరీ గట్టిగ కొట్టిండు.)

"ఆగున్రి!"

మొదటి వరుసల అవ్వ లేసి నిలబడ్డది. మీకొక సంగతి చెప్పాలె. మా ఊర్ల భాగోతం ఆడంగ నడుమ ఒక ముక్క ఇడిసిపెడితే, ముంగట కూసున్న పెద్దమనుషులు ఆపుతరు. ఆపి, ఇడిసిన కాడికెళ్లి మల్ల ఆడిస్తరు. అది తప్పు గాదు, పెద్దోళ్ల పని. అవ్వ గదే పని చేసింది. "నడుమ ముక్క ఇడిసిపెట్టిన్రు! అన్నం బెట్టుడేది? గుండి కుట్టుడేది? గది సూడకుండ పోరన్ని కొడ్తే ఎట్ల?" అన్నది. మా ఊరోళ్లు ఇరవై మంది "అవ్, ఇడిసిపెట్టిన్రు" అన్నరు. కాలనీవాళ్లు ఇది గూడ నాటకంలదే అనుకోని, తలలు తిప్పి అవ్వ దిక్కు సూసుడు మొదలువెట్టిన్రు.

క్యాషియర్ అన్నను తప్పు పట్టద్దు. "స్టేజీ మీద ఎదురొచ్చింది ఏదైనా సరే, నిజమే అనుకుని ముందుకెళ్లండి" అని సార్ ఆర్నెల్ల సంది నూరిపోసిండు. ఆయన రెండడుగులు ముంగటికేసి, చేతులు జోడించి, "అమ్మా! ఏం జరిగిందో మీకు తెలుసా?" అన్నడు. ఇగ అవ్వను పట్టుకునుడు ఎవ్వని తరం? "తెల్వకేంది? గానికి రొట్టె బెట్టి, గుండి కుడ్తనని అంగి ఇప్పిచ్చి, జేబుల కెళ్లి తీస్కున్నడు. ఎవ్వడో గాదు, అగో, గా తలుపు సాటుకున్న నూనె నెత్తోడు! ఏమిరా, నా సేతి రొట్టెలు తిని నాకే అబద్ధమాడ్తవా? తియ్యి!" అన్నది. నూనెసీస తెల్లబోయి నా దిక్కు సూసిండు, సార్ దిక్కు సూసిండు, ఆఖరుకు అవ్వ దిక్కు సూసి, "ఇగో అవ్వా" అని జేబుల కెళ్లి ఉత్తరం తీసి ఇచ్చేసిండు. క్యాషియర్ అన్న అది సదివిండు. సదివినంక ఏం చెయ్యాలె? నాటకంల ఉన్నదే చేసిండు. తమ్ముడు పక్కనే ఉండె, అలుముకున్నడు. అలుముకుంటే తెర దించాలె అని తెర గుంజేటోనికి చెప్పి ఉన్నది. వాడు గుంజిండు. రెండు రంగాలు మిగిలుండంగనే నాటకం ఒడిసిపోయింది. ముఖ్య అతిథి ఇంక అల్వాల్ గూడ దాటలేదు.

చప్పట్లు మాత్రం హాలు పగిలేటట్టు పడ్డయ్. నేను తెర సందుల కెళ్లి ఎనుక వరుస జూసిన. బాపు కుర్చీ ఖాళీగ ఉండె. నా పాణం అక్కడనే సగం పోయింది. ఊహించు సార్ రాతప్రతి చేతిల పట్టుకొని, ట్రంకు పెట్టె మీద కూలబడి ఉన్నడు. నేను పోయి తప్పైంది సార్ అన్న. ఆయన రాతప్రతి మూసి, "పదహారేళ్లు రాశానురా ఈ నాటకం. మూడో రంగంలోనే అయిపోతుందని నాకు తట్టనే లేదు" అని చిన్నగ నవ్విండు. ఆయన మొఖం జూస్తే నాకు ఏడుపే తక్కువ. అవ్వ వచ్చి ఆయన భుజం మీద చెయ్యేసి, "మంచిగ రాసినవ్ కొడుకా, జర సాగదీసినవ్ గంతే" అన్నది.

తెల్లారి సోమారం. మాట మాటే గనక ఏడింటికే పోయి ఆఫీసుల కూసున్న. ఇంట్ల ఏం తినలే, అలిగిన. మ్యాపు దిక్కు సూస్కుంట, ఇగ ఈ నాలుగు గోడలే నా స్టేజీ అనుకుంటున్న. (గోడలు మూడే, ముంగట షట్టరు.) బాపు వచ్చిండు, సద్ది గిన్నె బల్ల మీద పెట్టిండు, నీళ్లు తాగిండు, రిజిస్టరు తెర్సిండు, మూసిండు. గింతసేపు ఎటో జూసి, "గా ముక్క ఏందిరా?" అన్నడు.

"ఏ ముక్క?"

"గదే. అంగి ఇప్పిచ్చింది. మీ అవ్వ పది దినాల సంది చెప్తాంది. గది సూద్దామనే వచ్చిన. సూపియ్యకపాయె."

"నువ్వు నడుమనే లేసిపోయినవ్ గదా బాపు" అన్న, కొంచెం కోపంగనే.

బాపు మ్యాపు దిక్కు తిరిగి, ఒక ప్లాటు మీద వేలుతోని గీసుకుంట, "గాడు నిన్ను కొట్టిండు గద" అన్నడు. "చెప్పుతోని కొట్టినట్టే చప్పుడైంది. కూసునుడు నాతోని కాలే. బయట ట్రాక్టరు కాడ నిలబడ్డ." అన్ని దినాల సంది నాటకాలంటే తైతక్కలన్న మనిషి, నాకు పడని దెబ్బకు లేసి పోయిండు! అందుకే నాటకం ఆగింది గూడ ఆయన సూడలే.

"ఇగ సూపియ్యి" అన్నడు. నూనెసీస లేడు గదా అంటే, "గా బామ్మర్దిని నేనైత" అన్నడు. మా బాపు! కుర్చీ ముంగటికి గుంజుకొని, గొంతు సవరించుకొని, ఏం మాట్లాడాలెనో తెల్వక, ఆఖరుకు మామూలు గొంతుతోనే, "తిన్నవా?" అన్నడు.

"లేదు" అన్న. అది నటన గాదు.

సద్ది గిన్నె మూత తీసి నా దిక్కు నూకిండు. నేను జొన్నరొట్టె తుంచి తొక్కుల అద్దుకొని తింటున్న. నిజంగనే కడుపు కాలుతుండె. "అంగి ఇడువు" అన్నడు. ఎడమచేత్తో ఇప్పి ఇచ్చిన. బాపు ఆ అంగి ఒళ్లో పెట్టుకొని జేబులు ఎతుకుతున్నడు, దానిల ఉత్తరం లేదని ఆయనకు యాదిలేదు, నేను గూడ చెప్పలే. సరిగ్గ అప్పుడే దూలపల్లి ఫ్యాక్టరీల పనిచేసే ఒకాయన భార్యతోని స్కూటరు మీద దిగిండు, ప్లాటు సూడనీకె. ముంగట ఒక పోరడు ఉత్త బనీను మీద ఎక్కెక్కి ఏడ్సుకుంట రొట్టె తింటున్నడు, ఎదురంగ మీసాల పెద్దమనిషి వాని అంగి జేబులు ఎతుకుతున్నడు. ఆమె మొగని చెయ్యి పట్టుకొని, "పదండి, ఇక్కడ వద్దు" అన్నది. బాపు అంగి పక్కకు పెట్టి, "జర ఆగున్రి మేడమ్, నాటకం ఒడుస్తాంది" అన్నడు. వాళ్లు ఆగలే. స్కూటరు తిప్పుకొని దుమ్ము లేపుకుంట పోయిన్రు.

"పో" అన్నడు బాపు ఆ దుమ్ము దిక్కు జూసుకుంట. "ఆదివారం పో. తక్కిన ఆరు దినాలు ఈడ కూసో." గంతే. బాగుందని అనలే, మా బాపు అట్లాంటి మాటలు అనడు. మధ్యాహ్నం ఇంటికి పోనీకె అంగి తొడుక్కుంటుంటే చూసిన, అవ్వ కుట్టుడు మర్సిన గుండి కాడ ఒక పిన్నీసు పెట్టి ఉన్నది.

ఊహించు సార్ కాడికి ఇంకో మూడేండ్లు పోయిన. పెద్ద యాక్టర్నేం కాలే. ఆ మలుపు కాడ షెడ్డు ఇప్పుడు అద్దాల ఆఫీసు అయింది, అండ్ల నేనే కూసుంట. రోజూ ఎవ్వలనో ఒకళ్లను ఉత్త మట్టి మీద నిలబెట్టి, "ఇది మీ వంటిల్లు అనుకోండి సార్, ఈ కిటికీల కెళ్లి పొద్దుగాల ఎండ పడ్తది" అంట. సార్ చెప్పిన ముప్పావు గా పనికొస్తాంది. అవ్వ పోయి సానా ఏండ్లైంది, బాపుకు పాణం బాగుంటలేదు, ఆఫీసుకు వచ్చుడు బంద్ చేసిండు. నేను మాత్రం ఇయ్యాలటికి గూడ ఎవ్వలన్న ప్రేమగ "తిన్నవా?" అని అడిగితే, ముందుగాల చెయ్యి జేబు మీదికే పోతది. గప్పుడు నాకు నేనే నవ్వుకొని, చెయ్యి తీసేసి, కడుపు నిండ తిని ఉన్నా సరే, "తినలే" అంట.